పాత పనిముట్ల పిడులు పాడవకుండా: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి లావణ్యకు,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా బాగున్నాం. మీ నాన్న టూల్ బాక్సు ఇప్పుడు నీ చేతికి వచ్చిందని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. ఐటీఐ పూర్తిచేసి ఎలక్ట్రీషియన్ పనిలోకి దిగుతున్న పిల్లకి అంతకన్నా మంచి ఆస్తి ఏముంటుంది? బావ ఒక్కో పనిముట్టునూ చూసి, చేతికి సరిపోతుందో లేదో పట్టి చూసి కొన్నాడు. వాటి ఉక్కుకి ఏమీ కాలేదు. పాడవుతున్నవి పిడులే.

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. స్క్రూడ్రైవర్ల పిడుల మీద తెల్లటి పొర, మూత తీయగానే పుల్లటి వాసన, కటింగ్ ప్లయర్ పట్టుకుంటే అరచేతికి అంటుకునే జిగట, సుత్తి రబ్బరు మీద సన్నటి పగుళ్లు. వీటన్నింటికీ పనికొచ్చే పాలిష్ ఏదైనా ఉంటే పేరు చెప్పమన్నావు. అలాంటిది లేదు కోడలా. ఆ పెట్టెలో ఉన్నది ఒకే ప్లాస్టిక్ కాదు. నాలుగైదు రకాలున్నాయి, ఒక్కోటి ఒక్కో కారణంతో పాడవుతుంది. ఒకదాన్ని శుభ్రం చేసే మందు ఇంకోదాన్ని కరిగించేస్తుంది. అందుకే ఏ పిడి దేనితో చేశారో ముందు తెలుసుకో. ఆ తర్వాతే చెయ్యి పెట్టు.

ఈ ఉత్తరం చదవడం కాసేపు ఆపి ఒక పని చెయ్యి. పెట్టెలోని సామానంతా బయటికి తీసి, గాలి ఆడే చోట పాత దుప్పటి మీద పరిచిపెట్టు. ఎండలో వద్దు, నీడలోనే. ప్లాస్టిక్ పిడులు ఒక పక్క, మెత్తటి తొడుగులున్నవి ఒక పక్క, రబ్బరువి ఒక పక్క, ఒకదానికొకటి తగలకుండా పెట్టు. ఇంకేమీ చెయ్యకపోయినా ఈ ఒక్క పనితో సగం నష్టం ఆగుతుంది. ఎందుకో కింద రాస్తాను.

ముందు పోల్చుకోవడం. పసుపుపచ్చగానో, ఆకుపచ్చగానో, ఎర్రగానో ఉండి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే లోపల ఇనుప కడ్డీ లీలగా కనిపించే గట్టి పిడులు సెల్యులోజ్ అసిటేట్. లైన్ టెస్టర్లు కూడా చాలావరకు దీనితోనే చేస్తారు. గోరువెచ్చని నీళ్లతో తడిపి బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడు, వెనిగర్ వాసన వస్తే అదే. కొన్ని పిడుల్లో బ్యూటిరేట్ అనే ఇంకో పదార్థం కూడా కలిసి ఉంటుంది. అవి పాడైతే మక్కిపోయిన వెన్న వాసన వస్తుంది, బాగా ముదిరితే వాంతి వాసన. ప్లయర్ కాళ్లకు ఎర్రటి, నీలం రంగు తొడుగులా పట్టి ఉన్నది పీవీసీ. డ్రిల్ మెషీన్ల మీద, కొత్తరకం స్క్రూడ్రైవర్ల మీద గట్టి ప్లాస్టిక్‌కి పైన ఇంకో రంగులో మెత్తటి పట్టు ఉంటుంది చూడు, అది థర్మోప్లాస్టిక్ రబ్బరు. కొన్నింటికి పాలీయురేథేన్ పూత. సుత్తి మీద నల్లటి తొడుగు మామూలు రబ్బరు. నల్లగానో, ముదురు గోధుమరంగులోనో రాయిలా గట్టిగా ఉండి, గోరుతో కొడితే టక్కుమనేది బేకలైట్.

ఎక్కువ చెప్పాల్సింది అసిటేట్ గురించే. మీ నాన్న పెట్టెలో గొడవ మొదలైంది అక్కడే.

పత్తి పీచునో, చెక్క గుజ్జునో తీసుకుని దానికి అసిటిక్ ఆమ్లపు అంశను తగిలిస్తే ఈ ప్లాస్టిక్ తయారవుతుంది. గట్టిగా ఉంటుంది, దెబ్బకి తొందరగా పగలదు, చేతికి హాయిగా ఉంటుంది. అందుకే ఇన్ని దశాబ్దాలుగా స్క్రూడ్రైవర్ పిడులకు వాడుతున్నారు. అయితే గాలిలోని తేమ లోపలికి చేరితే, అలా తగిలించిన ఆమ్లం మెల్లగా ఊడి బయటికి వస్తుంది. నువ్వు చెప్పిన పుల్లటి వాసన అదే. ఇక్కడితో ఆగితే పెద్ద బాధ లేదు. కానీ ఊడిన ఆమ్లం పక్కనున్న దాన్ని కూడా ఊడగొడుతుంది. అంటే పాడవడం మొదలైతే దాని వేగం దానంతట అదే పెరుగుతూ పోతుంది. మూత బిగించిన పెట్టెలో ఆ ఆవిరికి బయటికి దారి ఉండదు. బాగున్న పిడులు కూడా దాన్ని పీల్చుకుని అదే దారి పడతాయి. సామాను బయట పరచమన్నది ఇందుకే.

ఫోటోలో డ్రిల్ బిట్లకూ పానాలకూ పట్టిన తుప్పు చూశావా? పెట్టెలోకి వాన నీళ్లు రాలేదనీ, అయినా తుప్పు ఎందుకు పట్టిందో తెలియడం లేదనీ రాశావు. ఆ తుప్పు ఆమ్లపు ఆవిరి పని. స్క్రూడ్రైవర్లలో పిడికి దగ్గరగా ఉన్న కడ్డీ భాగం ఎక్కువ తుప్పు పట్టి, కొన వైపు తక్కువగా ఉండటం గమనించు. పెట్టెలో ఇనుముకి కారణం లేకుండా తుప్పు పడుతోందంటే ముందు పిడుల వాసన చూడాలి.

1950ల తర్వాతి పాత సినిమా రీళ్లు చాలావరకు ఈ అసిటేట్ మీద తీసినవే. అవి పాడైనప్పుడు కూడా ఇదే వాసన వస్తుంది, ఆ జబ్బుని వినెగర్ సిండ్రోమ్ అంటారు. ఫిల్ములు భద్రపరిచే వాళ్లు రీళ్లను చల్లగా, పొడిగా ఉండే గదుల్లో పెడతారు. పాడైనవాటిని బాగున్నవాటి నుంచి వేరుచేస్తారు. మనకు ఏసీ గదులు అక్కర్లేదు గానీ చెయ్యాల్సిన పని మాత్రం అదే. వేడి తగ్గించాలి, తేమ తగ్గించాలి, పాడైనదాన్ని దూరం పెట్టాలి.

వేడి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. మే నెలలో హైదరాబాద్‌లో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. మీ డాబా మీది రేకుల గదిలో మధ్యాహ్నం ఎంతుంటుందో నీకే తెలుసు. ఆ పెట్టె ఏళ్ల తరబడి ఉన్నది ఆ గదిలోనే. పైగా ఎండాకాలం అంతా ఉడికిన పిడులకు జూన్‌లో వానలు మొదలవగానే తేమ తోడవుతుంది. జులై, ఆగస్టు నెలల్లో ఉదయం పూట గాలిలో తేమ 80 శాతం దాకా ఉంటుంది. మన ఊరి వాతావరణంలో ఈ ప్లాస్టిక్‌కి వచ్చే కష్టమంతా ఈ రెండు కాలాలదే.

కడగడం ఇలా. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వెయ్యి. పాత టూత్‌బ్రష్‌ని అందులో ముంచి పిడి మీది గాళ్ల వెంట మెల్లగా రుద్దు. తెల్లటి పొర చాలావరకు వచ్చేస్తుంది. అది బూజు కాదు, ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపిన పదార్థాలూ, లోపల విడివడినవీ పైకి తేలి గడ్డకట్టిన పొర. తర్వాత ఒక మగ్గు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి, ఆ నీళ్లతో గుడ్డ తడిపి ఒకసారి తుడిస్తే పైనున్న ఆమ్లం విరిగిపోతుంది. వెంటనే మంచినీళ్లతో తుడిచేసి, పొడి నూలు గుడ్డతో ఒత్తి, ఫ్యాన్ గాలికి రాత్రంతా వదిలెయ్యి. నానబెట్టొద్దు. వేడినీళ్లు వద్దు. బట్టల సోడా అసలే వద్దు, ఘాటైన క్షారం కూడా అసిటేట్‌ని తినేస్తుంది. కడ్డీకి తడి తగిలితే తుడిచి, కుట్టుమిషన్ నూనె పల్చగా రాయి. ఆ నూనె పిడి మీదికి రాకుండా చూసుకో.

కడిగిన కొన్ని నెలలకు తెల్లపొర మళ్లీ వస్తే కంగారు పడకు. అది లోపలి నుంచి వచ్చేది, మనం పూర్తిగా ఆపలేం, దాని వేగం తగ్గించగలం అంతే. పొర పోయాక కూడా పిడి పాత మెరుపుతో ఉండదు, కాస్త మసగ్గా ఉంటుంది. దాన్ని అలాగే ఉండనియ్యి. కొందరు ఎమరీ పేపర్‌తో గీకి, నున్నగా చేసి, మెరుగు పెడతారు. ఇంకొందరు అసిటోన్ అనే ద్రావకంతో తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడిస్తే అద్దంలా మెరుస్తుందని చెబుతారు. మెరిసే మాట నిజమే. అసిటోన్ ఆ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది కాబట్టి పైపొర కరిగి నున్నగా పరుచుకుంటుంది. కానీ మెత్తబడిన ఆ పొర ఆరేటప్పుడు సన్నటి చీలికలు రావచ్చు. అసిటోన్ ఆవిరికి నిప్పు తొందరగా అంటుకుంటుంది కూడా. వార్నిష్, లక్క లాంటివి పూయడం నాకు అసలు ఇష్టం లేదు. అవి లోపలి ఆమ్లాన్ని బయటికి పోనివ్వవు, లోపలే పిడి కుళ్లుతుంది.

ఏ పిడి అయినా పగిలి, ముక్కలు రాలుతూ ఉంటే, లేదా కడిగిన రెండో రోజుకే వాసన మళ్లీ గుప్పుమంటే, దాన్ని మిగతావాటితో కలిపి ఉంచొద్దు. అది మీ నాన్న మొదటి స్క్రూడ్రైవరే అయినా సరే, విడిగా మేకుకి తగిలించు. బాగున్నవాటిని పెట్టే చోట ఒక చిన్న గిన్నెలో వంటసోడా మూత లేకుండా ఉంచు. అది ఆమ్లపు ఆవిరిని కొంత పీల్చుకుంటుంది. అక్వేరియం దుకాణాల్లో దొరికే యాక్టివేటెడ్ కార్బన్, అంటే ఆవిర్లను బాగా పీల్చే బొగ్గు, ఇంకా నయం. రెండింటినీ అప్పుడప్పుడు మార్చాలి.

ఇక కటింగ్ ప్లయర్ల జిగట. పీవీసీ పుట్టుకతో గట్టి ప్లాస్టిక్, నీళ్ల పైపులు చూస్తూనే ఉన్నాం కదా. దాన్ని ప్లయర్ తొడుగులా మెత్తగా చెయ్యడానికి నూనెలాంటి ద్రవం కలుపుతారు, దాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. కాలం గడిచేకొద్దీ, ముఖ్యంగా వేడికి, అది పైకి ఊరుతుంది. ఊరినప్పుడు జిగట. ఊరడం అయిపోయాక తొడుగు బిరుసెక్కి పగులుతుంది. స్కూల్లో నీ రబ్బరు ప్లాస్టిక్ స్కేలుకి అతుక్కుని గుంట పడేది గుర్తుందా? ఆ రబ్బర్లు కూడా ఎక్కువగా పీవీసీవే. అందులోని ద్రవమే స్కేలుని కరిగించేది. ప్లయర్ తొడుగు కూడా పక్కనున్న స్క్రూడ్రైవర్ పిడిని, ప్లాస్టిక్ ట్రేని అలాగే పాడుచేస్తుంది. అందుకే తగలకుండా పెట్టమన్నాను.

దీనికి సబ్బునీళ్లు చాలు. జిగట ఎక్కువగా ఉంటే వంటసోడాని కొద్దిగా తడిపి ముద్దలా చేసి రుద్ది కడుగు. పెట్రోలు, థిన్నర్, కిరోసిన్ తగలనివ్వకు. అవి మురికితో పాటు లోపల మిగిలిన ప్లాస్టిసైజర్‌ని కూడా లాగేస్తాయి. ఆ రోజుకి శుభ్రంగా కనబడుతుంది, కొన్ని రోజులకే చెక్కలా అవుతుంది. మీ నాన్న ఒక ప్లయర్ కాళ్లకు ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంచాడు, దాన్ని విప్పెయ్యి. ఆ టేపు కూడా పీవీసీయే, మన ఎండలకు దాని గమ్ కారి మురికంతా పట్టేస్తుంది. పైగా టేపు చుట్టిన ప్లయర్ కరెంటు పనికి పనికొస్తుందనే ధైర్యం ఇస్తుంది, అది ఇంకా ప్రమాదం. రబ్బరు బ్యాండ్లు కూడా తీసెయ్. అవి కరిగి పిడికి అతుక్కుంటే వదిలించడం కష్టం.

డ్రిల్ మెషీన్ పట్టు జిగటగా మారిందంటే అది పాలీయురేథేన్ పూత అయ్యుంటుంది. తేమకి ఆ పూత విచ్ఛిన్నమై బంకలా అవుతుంది. దాన్ని బాగుచెయ్యలేం, తీసెయ్యాలి. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే దుకాణాల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడుగు. మెషీన్ ప్లగ్ తీసేసి, గుడ్డకి కొద్దిగా తడి చేసి, ముందు కనబడని మూల ఒకచోట రుద్ది చూడు. కింది ప్లాస్టిక్‌కి ఏమీ కాకపోతే మిగతాది తుడిచెయ్యి. కిటికీలు తెరిచి చెయ్యి, దగ్గర్లో అగ్గి ఉండకూడదు. ఆ గుడ్డతోనే స్క్రూడ్రైవర్ పిడులు మాత్రం తుడవకు. బేకలైట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అమెరికాలో లియో బేక్‌లండ్ 1907లో కనిపెట్టిన ఆ ప్లాస్టిక్ ఇప్పటికీ వేడికి కరగదు. ఎండకి మాత్రం పై మెరుపు పోయి, లోపలి చెక్కపొడి బయటపడి తేమ పీల్చుకుంటుంది. తడి గుడ్డతో తుడిచి, ఆరాక తేనెమైనం పల్చగా రాసి మెరుగు పెడితే చాలు. కింద పడెయ్యకు, గాజులా పగులుతుంది.

రబ్బరుకి శత్రువులు ఎక్కువ. గాలిలోని ఆక్సిజన్, ఎండ, నూనె, అన్నింటికన్నా ఎక్కువగా ఓజోన్ అనే వాయువు. వెల్డింగ్ మెరుపుల దగ్గర, లోపల కార్బన్ బ్రష్‌లున్న డ్రిల్, గ్రైండర్ మోటార్లలో నిప్పురవ్వలు వచ్చే చోట ఓజోన్ పుడుతుంది. ఎండాకాలంలో బళ్ల పొగ మీద ఎండ పడి ఊరి గాలిలో కూడా తయారవుతుంది. అది చాలా కొద్దిగా ఉన్నా, సాగదీసిన స్థితిలో ఉన్న రబ్బరుని కోసేస్తుంది. సుత్తి తొడుగు ఎప్పుడూ సాగదీసే ఉంటుంది, ఎందుకంటే బిగుతుగా పట్టడానికి పిడికన్నా చిన్నదే ఎక్కిస్తారు. నీ ఫోటోలో పగుళ్లన్నీ సాగిన దిక్కుకి అడ్డంగా ఉన్నాయి. అది ఓజోన్ గుర్తు. బాలానగర్‌లో మీ నాన్న బెంచీ పక్కనే వెల్డింగ్ చేసేవాళ్లు, దాని ప్రభావం కొంత ఉండే ఉంటుంది.

నీకు బాగా పనికొచ్చే మాట ఒకటుంది. రాగి తగిలితే సహజ రబ్బరు తొందరగా పాడవుతుంది. రాగి దాని ఆక్సీకరణని వేగవంతం చేస్తుంది. ఎలక్ట్రీషియన్ బ్యాగులో తెగిన రాగి తీగ ముక్కలు ఉండకుండా ఉండవు. వాటికి వేరే డబ్బా పెట్టుకో, రబ్బరు పిడుల మధ్య పడనివ్వకు. ఊడిపోతున్న తొడుగుని రాగి తీగతో బిగించి కట్టడం చాలామంది చేస్తారు, నువ్వు చెయ్యకు.

పగుళ్లు పైపైనే ఉంటే సబ్బునీళ్లతో కడిగి, ఆరాక, పొడిపొడిగా తెల్లబారిన పైపొరని సన్నటి ఎమరీ పేపర్‌తో ఒకే ఒక్కసారి తేలిగ్గా రుద్దు. టాల్కం పౌడర్ పల్చగా రాసి పెట్టేస్తే జిగటెక్కదు. లోతుగా చీలితే తొడుగు మార్చడం తప్ప దారి లేదు. కొబ్బరినూనె, మంచినూనె రాస్తే రబ్బరు మెత్తబడి బాగుపడినట్టు అనిపిస్తుంది. అది ఉబ్బడం, బలం పోవడం. ఇంజన్ ఆయిలు, గ్రీజు ఇంకా చెడ్డవి. కారు డాష్‌బోర్డుకి వేసే సిలికాన్ పాలిష్ రబ్బరుని కరిగించదు గానీ పిడిని నున్నగా జారేలా చేస్తుంది. సుత్తి చేతిలోంచి జారి ఎగిరితే ఎదురుగా ఉన్నవాళ్ల తల పగులుతుంది. సుత్తికి, పానాకి, నిచ్చెనెక్కి వాడే దేనికీ అలాంటి మెరుపులు రాయొద్దు.

ఎక్కడ పెట్టాలో కూడా అడిగావు. డాబా మీది రేకుల గది నుంచి ముందు దించెయ్. పై అంతస్తులో స్లాబు కింద ఉన్న సజ్జ కూడా వద్దు, వేడి అక్కడే నిలుస్తుంది. లోపలి గదిలో, ఎండ పడని గోడకి, నడుము ఎత్తులో ఒక చెక్క పలక బిగించి మేకులకు తగిలించుకో. గాలి ఆడుతుంది, ఏది పాడవుతోందో రోజూ కంటపడుతుంది. ఎయిర్ కూలర్ పెట్టే గది అయితే మాత్రం కాదు, అది గదంతా తేమతో నింపుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన కూడా వద్దు, చార్జింగ్ అయ్యేటప్పుడు వచ్చే ఆమ్లపు తుంపర ఇనుముని తినేస్తుంది. పురుగులు రాకుండా చాలామంది పెట్టెలో కలరా ఉండలు వేస్తారు. వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, బట్టల బీరువాకే వాటిని పరిమితం చెయ్యి.

పనికి తీసుకెళ్లేవి నూలు గుడ్డతో కుట్టిన సంచిలో చుట్టుకో. మీ అత్తయ్య పాత జీన్స్ గుడ్డతో జేబులు పెట్టి ఒకటి కుడుతోంది, వచ్చే వారం పంపిస్తాం. రెక్సిన్ సంచులూ, మెత్తటి ప్లాస్టిక్ కవర్లూ ఎక్కువగా పీవీసీయే, అందుకే నాకు నచ్చవు. స్కూటర్ డిక్కీలో సంచి మధ్యాహ్నమంతా వదిలెయ్యకు. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు డ్రిల్ బిట్లు, మరలు కోసే ట్యాప్‌లు, కొలతలు తీసే వెర్నియర్ లాంటి ఉక్కు సామాను పెట్టే బిగుతు డబ్బాలో వేసుకో. అసిటేట్ పిడులకు మాత్రం బిగుతు డబ్బా వద్దు, గాలే మంచిది. పెద్ద టూల్ బాక్సు వాడాలనుకుంటే దాని పక్కలకు నాలుగు రంధ్రాలు పెట్టించు.

పని అయ్యాక చేతి చెమట తుడిచి పెట్టడం అలవాటు చేసుకో. చెమటలోని ఉప్పు ఇనుముకీ, చర్మపు జిడ్డు రబ్బరుకీ మంచివి కావు. దోమలు కుట్టకుండా చేతులకు రాసుకునే క్రీములు కూడా కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తాయి, అవి రాసుకున్న చేతులు కడుక్కునే పిడి పట్టుకో.

ఏడాదికి రెండుసార్లు అన్నీ తీసి చూసుకుంటే చాలు. ఒకటి మే చివర్లో, వానలు రాకముందు. రెండోది దసరాకి, ఆయుధపూజకి ఎలాగూ అన్నీ దించి తుడుస్తాం కదా. ఆ రోజు ఒక్కోదాని వాసన చూడు, పిడిని కొంచెం తిప్పి వదులైందేమో చూడు. పసుపు కుంకుమ బొట్టు ఇనుము మీద పెట్టు, పిడి మీద వద్దు. పసుపు రంగు ప్లాస్టిక్‌లోకి ఇంకితే ఎంత రుద్దినా పోదు, మెత్తటి పీవీసీ అయితే కుంకుమ రంగు కూడా పీల్చుకుంటుంది. మర్నాడు పూలూ నిమ్మకాయలూ తీసేసి పొడిగుడ్డతో తుడవాలి, నిమ్మరసం పడిన చోట తుప్పు లేస్తుంది. పూజ పూజే, ఆ తర్వాత తుడవడం కూడా ఆ పూజలో భాగమే అనుకో.

ఎర్రగడ్డలో ఆదివారం సంతకి వెళ్లి ఇంకొన్ని పాత పనిముట్లు కొనాలనుందని రాశావు. వెళ్లు. జుమ్మెరాత్ బజార్‌లో కూడా గురువారాలు పాత సామాను దొరుకుతుంది, మంచి ఉక్కు ఉన్నవి చాలానే వస్తాయి. ధర మాట్లాడేముందు పిడిని ముక్కు దగ్గర పెట్టుకో. పుల్లటి వాసన వస్తే, కడ్డీ ఎంత బాగున్నా, ఇంట్లో ఉన్నవాటి పక్కన పెట్టకూడనిదని తెలుసుకుని కొను. కొత్తగా నూనె పూసి నిగనిగలాడిస్తున్నవాటిని గుడ్డతో తుడిచి, నూనె కింద పగుళ్లున్నాయేమో చూడాలి. పిడిలో కడ్డీ కదులుతుంటే వదిలెయ్.

ఇప్పటిదాకా చెప్పిందంతా పనిముట్టు ఎక్కువకాలం నిలవడానికి. ఇప్పుడు చెప్పేది నీ ప్రాణానికి సంబంధించింది, జాగ్రత్తగా చదువు. లైవ్ కరెంటు దగ్గర వాడే ప్లయర్లు, స్క్రూడ్రైవర్ల మీద రెండు త్రిభుజాల గుర్తూ, 1000 వోల్టులు అనే అంకె, రెండూ ఉంటాయి. ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించి ఆ ముద్ర వేస్తారు. ఆ ముద్ర లేని తొడుగు చేతికి పట్టు కోసం ఉన్నదే, కరెంటు నుంచి కాపాడటానికి కాదు. ముద్ర ఉన్నా, తొడుగు మీద పగులు, కోత, ఉబ్బు, ఇనుము నుంచి విడిపోవడం, వీటిలో ఏది కనబడినా ఆ ముద్ర చెల్లదు. మన ఇళ్లలోకి వచ్చే 230 వోల్టులకు ప్రాణం తీసే బలం ఉంది. కడిగిన పిడి పైకి ఆరినట్టున్నా, గాళ్లలో, కడ్డీ దగ్గర సందుల్లో తడి ఉండొచ్చు. కడిగిన రోజు దాంతో కరెంటు పని ముట్టుకోకు.

మీ నాన్న టెస్టర్ ఫోటో చూశాను. పిడి వెనక మూత దగ్గర సన్నటి గీత ఒకటి ఉంది. అది మురికి కాదు, చీలిక. టెస్టర్‌లో నీ వేలికీ కరెంటుకీ మధ్య ఉన్నవి కరెంటుని తగ్గించే లోపలి రెసిస్టరూ, ఆ ప్లాస్టిక్కూ మాత్రమే. దాన్ని జ్ఞాపకంగా బీరువాలో దాచుకో, పనికి తీసుకెళ్లకు. ఎర్ర తొడుగుల ప్లయర్ రెండింటిలో ఒకదానికి కాలి మడత దగ్గర తొడుగు విడిపోయి ఇనుము కనబడుతోంది. దానికి తెల్ల పెయింట్‌తో గుర్తు పెట్టి, తీగలు వంచడానికీ, మేకులు పీకడానికీ మాత్రమే వాడు. కరెంటు పనికి ముద్ర ఉన్న కొత్త ప్లయర్, కొత్త టెస్టర్ రాణిగంజ్‌లో మంచి దుకాణంలో బిల్లు తీసుకుని కొను. డబ్బు నేను పంపుతున్నాను, వద్దనకు. అవి కొనేదాకా మెయిన్ ఆపకుండా ఏ బోర్డూ తెరవకు. ఉత్తరం అందగానే ఆ టెస్టర్‌నీ ఆ ప్లయర్‌నీ పనిసంచిలోంచి తీసేశానని నాకు ఒక మెసేజ్ పెట్టు.

ఇట్లు
మీ మామయ్య